కౌలాలంపూర్‌లో తక్కువ ఖర్చుతో బస: బ్రిక్‌ఫీల్డ్స్ మంచిదా, బుకిత్ బింతాంగ్ మంచిదా?

మొదటిసారి వెళ్లేవాళ్లకు, ముఖ్యంగా పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లకు, నా ఓటు బ్రిక్‌ఫీల్డ్స్‌కే. లిటిల్ ఇండియా అని పిలిచే ఈ పేట, నగరంలోని ప్రధాన రైల్వే స్టేషన్ కేఎల్ సెంట్రల్ పక్కనే ఉంటుంది. ఎయిర్‌పోర్ట్ ఎక్స్‌ప్రెస్ రైలు టికెట్ 55 రింగిట్లు, అరగంట ప్రయాణం. బస్సయితే ఓ గంట పడుతుంది గానీ ఛార్జీ అందులో మూడో వంతు కూడా ఉండదు. మురుగన్ గుడి ఉన్న బటూ కేవ్స్ గుహలకు అక్కడి నుంచే నేరుగా రైలుంది. పొద్దున్నే ఇడ్లీ, మధ్యాహ్నం అరిటాకు భోజనం దొరుకుతాయి కాబట్టి శాకాహారులకు తిండి టెన్షన్ ఉండదు.

బుకిత్ బింతాంగ్ రాత్రిళ్లు తిరిగేవాళ్లకు బాగుంటుంది. షాపింగ్ మాల్స్, జలాన్ అలోర్ తిండి వీధి నడిచే దూరంలోనే. పెవిలియన్ మాల్ నుంచి ట్విన్ టవర్స్ వైపు ఏసీ నడకదారి ఉంది, వానొచ్చినా తడవరు. కానీ అర్ధరాత్రి దాకా పాటల మోత, శాకాహారం తక్కువ.

ఎక్కడ దిగినా బుక్ చేసేముందు గదికి కిటికీ ఉందో లేదో చూడండి. చవక గదులు చాలావాటికి ఉండదు. ఆ ఉక్కలో ఉతికిన బట్టలు ఆరవు, గదంతా ముక్కిన వాసన. విదేశీయుల దగ్గర గదికి రాత్రికి 10 రింగిట్ల టూరిజం పన్ను కూడా తీసుకుంటారు. అది బుకింగ్ ధరలో కలిసి ఉందో లేదో ముందే అడగండి.