అద్దె బాకీ ఉన్నా సరే, ఓనర్ మన ఇంటికి తాళం వేయకూడదు. నాలాగా సంతకం పెట్టకండి

గురువారం రాత్రి జరిగింది. ఇంకా కోపం తగ్గలేదు, రాతలో తప్పులుంటే సర్దుకుని చదవండి. ఏ ఇల్లో, ఏ ఓనరో మా కాలనీలో టు-లెట్ బోర్డులు చూసుకుంటూ తిరిగినవాళ్ళకి చెప్పక్కర్లేదు.

రెండు నెలల అద్దె బాకీ పడ్డాం, దాచను. మా ఆయన సెంట్రింగ్ పనికి వెళ్తారు, మేస్త్రీ డబ్బులు ఆపేశాడు. నెలకు 8,500 చొప్పున 17,000. మేం ఇచ్చిన అడ్వాన్స్ కూడా సరిగ్గా అంతే. ఆదివారం నేనే పైకి వెళ్ళి చెప్పుకున్నాను. "ఫర్లేదమ్మా, పండక్కి సర్దండి, మీరేం టెన్షన్ పడకండి" అన్నాడు ఓనర్ అంకుల్. ఆంటీ పాపకి గిన్నెలో పులిహోర పెట్టి పంపింది.

నాలుగు రోజులు తిరగలేదు. రాత్రి ఏడున్నరకి డ్యూటీ నుంచి వచ్చేసరికి పాప స్కూల్ బ్యాగ్ ఒళ్ళో పెట్టుకుని మెట్ల మీద చీకట్లో కూర్చుని ఉంది. మా తాళం పక్కన ఇంకో తాళం. కొత్తది, షాపువాడు చుట్టిన ప్లాస్టిక్ కవర్ ముక్క ఇంకా దానికి అంటుకునే ఉంది. మా పోర్షన్ ఫ్యూజు పీకేశారు. పాపకి మర్నాడు లెక్కల పరీక్ష. నోట్సు లోపల.

పైకి వెళ్తే, అప్పటిదాకా "అమ్మా, మీరు" అన్న మనిషి "నువ్వు"లోకి దిగాడు. "నా ఇల్లు, నా తాళం. నువ్వెవరు అడగడానికి?" అన్నాడు, పక్కింటివాళ్ళందరూ వింటుండగా. ఆంటీ గుమ్మంలోనే ఉంది. పాప ఆమె వైపు చూసింది. ఆమె తలుపు వేసేసుకుంది. ఆ పులిహోర గిన్నె ఇంకా మా వంటింట్లోనే ఉంది, తిరిగి ఇవ్వనే లేదు.

తర్వాత ఒక కాగితం తెచ్చాడు. మా ఇష్టంతోనే ఖాళీ చేస్తున్నామట, అడ్వాన్స్ పెయింటింగుకి పోయిందట, బాకీ కింద ఫ్రిజ్ వదిలేస్తున్నామట. ఆ ఫ్రిజ్ మీద ఇంకా నాలుగు ఈఎంఐలు ఉన్నాయి. సంతకం పెడితేనే తాళం తీస్తానన్నాడు. 100కి ఫోన్ చేద్దామని సెల్లు తీశాను కూడా. బాకీ ఉన్నది మనమే కదా, ఏ మొహం పెట్టుకుని చెయ్యాలి అనుకుని ఆగిపోయాను. నేను చేసిన పెద్ద తప్పు అదే. పాప నోట్సు కోసం సంతకం పెట్టేశాను.

నిన్న పురానీ హవేలీ సిటీ సివిల్ కోర్టులో న్యాయ సేవాధికార సంస్థకి వెళ్ళాను. ఆడవాళ్ళకి జీతంతో సంబంధం లేకుండా అక్కడ ఉచితంగా లాయర్ సాయం ఇస్తారని అప్పటిదాకా నాకు తెలియదు. లాయర్ మేడమ్ చెప్పింది వింటుంటే ఏడుపొచ్చింది. హైదరాబాద్‌లో అద్దె 3,500 దాటితే 1960 నాటి అద్దె కంట్రోల్ చట్టం వర్తించదట. అలాగని ఓనర్ ఇష్టం కాదు. నెలనెలా అద్దె కట్టే ఇంటికి ముందు 15 రోజుల నోటీసు ఇవ్వాలి. అప్పటికీ ఖాళీ చేయకపోతే కోర్టులో దావా వేయాలి, డిక్రీ, అంటే కోర్టు తీర్పు రావాలి, తీర్పు అమలు చేసే కోర్టు అమీనా వచ్చి ఖాళీ చేయించాలి. బాకీతోపాటు వడ్డీ, కోర్టు ఖర్చులు కట్టేస్తే మనల్ని ఆ ఇంట్లోనే ఉండనిచ్చే అవకాశం కూడా జడ్జికి ఉంటుందట. ఇవేవీ లేకుండా గెంటేస్తే ఆరు నెలల్లోపు కేసు వేసి మళ్ళీ ఇంట్లోకి వెళ్ళొచ్చు. నా విషయంలో ఆ కాగితం అడ్డొస్తుంది. బలవంతంగా పెట్టించారని నేనే రుజువు చేసుకోవాలి. మూడేళ్ళు అద్దె చేతికే ఇచ్చాను, ఒక్క రసీదు లేదు. అగ్రిమెంట్ ఒరిజినల్ వాళ్ళ దగ్గరే, నా దగ్గర జిరాక్స్ కూడా లేదు.

అందుకే చెప్తున్నా, అద్దె ఫోన్‌పే లాంటి వాటిలోనే వేయండి. తాళం వేస్తే ఫొటో తీసి వెంటనే 100కి చేయండి, బాకీ ఉందని సిగ్గుపడకండి. ఉచిత న్యాయ సాయానికి 15100 నంబర్ ఉంది. ఏ కాగితమైనా ఆ రాత్రే సంతకం పెట్టకండి.

ఆ గేటుకి పొద్దున్నే బోర్డు కట్టేశారు. ఇప్పుడు 10,000 అడుగుతున్నారట. చూడ్డానికి వెళ్ళేవాళ్ళు అగ్రిమెంట్ కాపీ చేతికి వచ్చేదాకా అడ్వాన్స్ ఇవ్వకండి.