పన్నెండు రంధ్రాల గుడ్ల పెట్టె: కొరియర్‌కి పనికొస్తుందా?

నాటుకోడి గుడ్లు ఊళ్ళో ఫారం నుంచి నేరుగా నగరంలో ఇంటికి పంపాలనుకునేవాళ్ళకి ఆన్‌లైన్‌లో ముందు కనబడే సరుకు ఇదే. బల్లపరుపు అట్టలు కట్టగా వస్తాయి. జిగురు అక్కర్లేదు, పిన్నులు అక్కర్లేదు. మడిస్తే బయట ఒక మూతపెట్టె, లోపల పన్నెండు గుండ్రటి రంధ్రాలున్న ఒక పలక. అమ్మేవాళ్ళు చాలామందే ఉన్నా డ్రాయింగు దాదాపు ఒక్కటే కాబట్టి ఇక్కడ బ్రాండు పేర్లు లేవు. తీర్పు ముందే చెప్పేస్తే: ఫారం గుడ్లని స్కూటర్ మీద పక్క కాలనీకి ఇవ్వడానికి బాగుంది. నాటు గుడ్లకి ఉన్నదున్నట్టుగా పనికిరాదు. కొరియర్‌కి మాత్రం బయట ఇంకో పెట్టె లేకుండా పంపకూడదు.

ముందు కొలతలు. మూడు ప్లైల (పొరల) ఈ-ఫ్లూట్ (సన్న ముడతల) అట్ట, మందం మిల్లీమీటరున్నర. లోపలి కొలత సుమారు 220 × 170 × 72 మి.మీ. పలక నేల నుంచి 25 మి.మీ. ఎత్తులో నిలబడుతుంది. రంధ్రం వ్యాసం 38 మి.మీ. ఒక రంధ్రం మధ్య నుంచి పక్కదాని మధ్యకి 52 మి.మీ. దూరం. 55 గ్రాముల చుట్టుపక్కల ఉండే ఫారం గుడ్డు నడుము దగ్గర 44, పొడవు 57 మి.మీ. ఉంటుందనుకుంటే, మొన కిందికి పెట్టినప్పుడు పలక కిందికి 16 మి.మీ. దిగుతుంది, పైకి 41 మి.మీ. నిలుస్తుంది. అంటే కింద 9 మి.మీ. ఖాళీ, మూతకీ గుడ్డుకీ మధ్య 6 మి.మీ. ఖాళీ. పక్క గుడ్డుకి 8 మి.మీ. దూరం. ఇంతవరకు లెక్క చక్కగా కుదిరింది. ఈ డ్రాయింగు గీసినవాళ్ళు గుడ్డుని మెత్తగా పడుకోబెట్టాలని కాదు, నేలకీ పక్కదానికీ తగలకుండా నడుము దగ్గర పట్టుకోవాలని చూశారు. ఆ ఆలోచన సరైనదే.

తేడా గుడ్డు సైజు మారినప్పుడు వస్తుంది. మన అగ్‌మార్క్ గ్రేడుల్లో చిన్న గుడ్డు 38 గ్రాముల నుంచి మొదలవుతుంది, ఎక్స్‌ట్రా లార్జ్ 60 గ్రాములు దాటినది. నాటు గుడ్డు 40 గ్రాములుంటే నడుము 39 మి.మీ. దగ్గరే ఆగిపోతుంది. దాన్ని 38 రంధ్రంలో పెడితే నడుము దాకా జారిపోయి, మొన నేలకి రెండు మూడు మిల్లీమీటర్ల దూరంలో వేలాడుతుంది. పైగా బిరడాలా బిగుసుకుంటుంది. కొన్నవాళ్ళు బయటికి లాగేటప్పుడే పెంకు చిట్లుతుంది, తిట్లు పంపినవాళ్ళకి. అటువైపు 65 గ్రాముల గుడ్డు పెడితే అది రంధ్రంలోకి తక్కువ దిగి మూతకి రెండు మిల్లీమీటర్ల దూరానికి వస్తుంది. పైన ఇంకో పెట్టె పెట్టగానే మూత కాస్త వంగి బరువంతా నేరుగా గుడ్డు నెత్తిన పడుతుంది. మిల్లీమీటర్ల దగ్గర ఇంత పట్టుదలేమిటి, కోడిగుడ్డు మీద ఈకలు పీకుతున్నట్టుంది అనిపించొచ్చు. కానీ పెంకు మందమే 0.3 నుంచి 0.4 మి.మీ. మరి.

నాటు గుడ్లకి 34 మి.మీ. రంధ్రం అడగండి. డై (అట్టని ఆకారానికి కోసే సాధనం) మార్చకుండా ఇచ్చేవాళ్ళు తక్కువ. రెండు రకాల గుడ్లూ పంపేవాళ్ళయితే పూరేకుల రంధ్రం అడగడం మేలు: మధ్యలో 30 మి.మీ. వృత్తం, దాని చుట్టూ బయటికి ఆరు లేదా ఎనిమిది గాట్లు. గుడ్డు పెట్టగానే రేకులు కిందికి వంగి దాని సైజుకి సర్దుకుంటాయి, దెబ్బ తగిలినప్పుడు కొంచెం స్ప్రింగులా పనిచేస్తాయి కూడా. ఒక్కసారి వంగిన రేకు మళ్ళీ అంత గట్టిగా పట్టుకోదు కాబట్టి పలకని రెండోసారి వాడొద్దు.

పెట్టెలో అసలు బలహీనత పలక మధ్యభాగం. పలకకి నాలుగు అంచుల్లోనే కాళ్ళున్నాయి. పన్నెండు గుడ్ల బరువు ముప్పాతిక కిలో లోపే గానీ, పెట్టె కిందపడిన క్షణంలో అది ఎన్నో రెట్లవుతుంది. 220 మి.మీ. పొడవున ఏ ఆధారమూ లేని మిల్లీమీటరున్నర అట్ట మధ్యలో వంగుతుంది, అక్కడి రెండు గుడ్లు నేలని తాకుతాయి. పెట్టె తెరిచినప్పుడు మధ్య వరసలోనే పగుళ్ళు కనిపిస్తే కారణం ఇదే, కొరియర్ కుర్రాణ్ణి తిట్టి లాభం లేదు. మంచి డ్రాయింగులో పలక మధ్య నుంచి ఒక నాలుక కిందికి మడిచి కాలుగా నిలబెడతారు. అది లేని పెట్టె కొనేసి ఉంటే 25 మి.మీ. వెడల్పు అట్టముక్కలు రెండు తీసుకుని, ఒక్కోదానికి సగం ఎత్తు వరకు గాటు పెట్టి, ఒకదాన్నొకటి శిలువలా దూర్చి పలక కింద నిలబెట్టండి. గాటు వెడల్పు అట్ట మందమంతే ఉండాలి. ఎక్కువైతే శిలువ ఊగుతుంది, తక్కువైతే దూర్చేటప్పుడు అంచు నలిగి అక్కడే బలం పోతుంది. ముక్కల్లో ఫ్లూట్ గీతలు నిలువుగా ఉండాలి.

ఆ నిలువు గీతల సంగతి పెట్టె గోడలకీ వర్తిస్తుంది. ముడతల అట్ట బరువు మోసేది గీతల దిశలోనే, చీపురు కట్టని నిలబెట్టినప్పటికీ పడుకోబెట్టినప్పటికీ ఉన్నంత తేడా ఉంటుంది. ఒకే షీటు నుంచి నాలుగు గోడలూ పైకి మడిచే ఈ రకం పెట్టెలో రెండు గోడలకి గీతలు నిలువుగా, మిగతా రెండింటికి అడ్డంగా వస్తాయి. అది తప్పించలేని విషయం. అడ్డగీతల గోడలు రెండు పొరలుగా లోపలికి మడిచి ఉన్నాయా అన్నదే చూడాలి. మేం చెబుతున్న రకంలో అలాగే ఉన్నాయి, అందుకు మంచి మార్కులు వేయొచ్చు.

అమ్మకం పేజీలో "3 ప్లై, 150 జీఎస్ఎం, 18 బీఎఫ్" అని గొప్పగా రాస్తారు. జీఎస్ఎం అంటే చదరపు మీటరు కాగితం బరువు గ్రాముల్లో, బీఎఫ్ అంటే కాగితం పిగలకుండా ఎంత ఆగుతుందో చెప్పే అంకె. జీఎస్ఎంని బీఎఫ్‌తో గుణించి వెయ్యితో భాగిస్తే ఆ కాగితం పిగలడానికి చదరపు సెంటీమీటరుకి ఎన్ని కిలోలు పట్టాలో వస్తుంది, ఇక్కడ 2.7. పెట్టె మీద పెట్టె పేర్చితే ఎంత ఆగుతుందో ఆ అంకె చెప్పదు. అందుకు అంచు మీద నొక్కి చూసే పరీక్ష, ఈసీటీ, వేరే ఉంది. అది అడిగితే జవాబిచ్చే సరఫరాదారు దగ్గర కొనండి.

తేమ గురించి ఒక్క పేజీలోనూ రాయరు. గాలిలో తేమ 90 శాతానికి చేరితే అట్టపెట్టె మోత బలం సగానికి, అంతకన్నా కిందికి పడిపోతుంది. కాకినాడ, విశాఖ వైపు వానాకాలంలో ఇది రోజువారీ వ్యవహారం. పొరల్ని అతికించేది ఎక్కువగా మొక్కజొన్న గంజి జిగురు, బాగా నానితే పొరలు విడిపోతాయి. ఇక ఎండాకాలంలో అట్ట ఎండిపోయి క్రీజు (మడత గీత) దగ్గర పైకాగితం పగులుతుంది, మళ్ళీ మళ్ళీ రీసైకిల్ చేసిన పొట్టి నార కాగితమైతే మరీను. మడిచే ముందు అట్టల్ని ఒక రోజు నీడలో మామూలు గదిలో ఉంచితే కొంత నయం. ఫ్రిజ్‌లోంచి తీసిన గుడ్లని వెంటనే పెట్టెలో పెట్టొద్దు. చల్లటి పెంకు మీద నీరు పడుతుంది, ఆ నీరు పలకని మెత్తబరుస్తుంది, పెంకులోని సన్న రంధ్రాల గుండా క్రిముల్ని లోపలికి తీసుకుపోతుంది.

ఇప్పుడు కొరియర్ సంగతి. చిన్న పార్శిళ్ళకి ఇస్టా 1ఏ అనే అంతర్జాతీయ ప్యాకింగ్ పరీక్షలో 76 సెం.మీ. ఎత్తు నుంచి పదిసార్లు పడేస్తారు: ఒక మూల మీద, ఆ మూల నుంచి బయల్దేరే మూడు అంచుల మీద, ఆరు ముఖాల మీద. ఇంట్లో కొలబద్దతో చేసుకోగల పరీక్షే. అంత ఎత్తు నుంచి పడ్డ గుడ్డు 5 మి.మీ. దూరంలో ఆగాల్సివస్తే దాని మీద సగటున దాని బరువుకి 150 రెట్లు బలం పడుతుంది, అంటే 55 గ్రాముల గుడ్డు మీద ఎనిమిది కిలోలకి పైన. అదే 20 మి.మీ. దూరంలో ఆగితే 38 రెట్లు, రెండు కిలోల పైచిలుకు. మామూలు గుడ్డు పెంకు మూడు నాలుగు కిలోల దగ్గర పగులుతుంది. సగటు లెక్క ఇది, ఒక క్షణంలో తగిలే గరిష్ఠం ఇంకా ఎక్కువ. ఈ పెట్టెలో గుడ్డు కింద ఉన్నది 9 మి.మీ. కాబట్టి బయటి పెట్టె, చుట్టూ 30 మి.మీ. మెత్తటి నింపుడు తప్పదు.

నింపడానికి పాత పేపర్లు వాడేవాళ్ళున్నారు. ఆహారాన్ని వార్తాపత్రికల్లో చుట్టడాన్ని ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) 2018 ప్యాకేజింగ్ నిబంధనలు నిషేధించాయి. అచ్చులేని క్రాఫ్ట్ కాగితం (గోధుమరంగు ప్యాకింగ్ కాగితం) నలిపి వాడండి, ఎండుగడ్డి వాడొద్దు, తేమ పట్టి బూజు వస్తుంది.

బయటి పెట్టె వేస్తే ఖర్చు ఎలా మారుతుందో చూడండి. చాలా కొరియర్లు పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగించి, ఆ అంకెకీ అసలు బరువుకీ ఏది ఎక్కువో దానికి డబ్బు తీసుకుంటాయి. లోపలి పెట్టె ఒక్కటే అయితే బయటి కొలతలో 22.5 × 17.5 × 7.8, అంటే 0.61 కిలో, అసలు బరువే ఎక్కువ. చుట్టూ మూడేసి సెంటీమీటర్లు కలిపితే 1.85 కిలోలు. రెండు డజన్లు ఒకదానిమీదొకటి పెట్టి ఒకే బయటి పెట్టెలో పంపితే 2.89 కిలోలు, అంటే డజనుకి 1.45 కూడా పడదు. ఒక్క డజను గుడ్లకే వచ్చే ఆర్డర్లు తీసుకోకపోవడం మంచి వ్యాపారం.

కొరియర్‌లో పెట్టె తలకిందులవుతుంది, "ఈ వైపు పైకి" అన్న బాణం గుర్తుని ఎవరూ చదవరు. అప్పుడు గుడ్డు రంధ్రం వదిలి మూత మీద కూర్చుంటుంది, పక్కదాని వైపు దొర్లుతుంది. 30 మి.మీ. రంధ్రాలున్న రెండో పలక పైనుంచి టోపీలా పెట్టే రకం దొరికితే కొరియర్‌కి అదే తీసుకోండి. ఈ పెట్టెలో అది లేదు. మా దృష్టిలో కొరియర్ వరకు పెద్ద లోపం అదే.

పోటీ సరుకుల గురించి రెండు మాటలు. గళ్ళ పెట్టెలో పొడవు పట్టీలు రెండు, అడ్డం పట్టీలు మూడు దూర్చితే పన్నెండు గళ్ళు వస్తాయి. పేర్చడానికి దీన్ని మించింది లేదు, పట్టీలే స్తంభాలు. కానీ గుడ్డు మొన నేరుగా నేల మీద ఆనుతుంది, అడుగున మెత్తటి అట్ట వేయకపోతే పడ్డప్పుడు మొనలే పోతాయి. సన్న డ్యూప్లెక్స్ బోర్డు (ముడతలు లేని పల్చటి అట్ట) ఆరు గుడ్ల డబ్బా షాపు అరకే. పారదర్శక ప్లాస్టిక్ డబ్బాలో పగులు బయటికే కనిపిస్తుంది, గాలి రంధ్రాలు తక్కువైతే లోపల చెమ్మ పడుతుంది. ముప్పై గుడ్ల కాగితపు గుజ్జు ట్రే టోకు వ్యాపారానికి తిరుగులేనిది, ఏడు ట్రేలు పేర్చితే 210 గుడ్ల పెట్టె. అయితే షాపుల నుంచి వెనక్కి తెచ్చిన పాత ట్రేలలో ఇంటి ఆర్డర్లు పంపకండి. రెట్ట, పగిలిన సొన అంటిన ట్రే ఒక ఫారం రోగాన్ని ఇంకో ఫారానికి మోస్తుంది.

గుడ్లకి కాగితపు మడత కొత్తదేమీ కాదు. కెనడాలో బ్రిటిష్ కొలంబియాలోని స్మిథర్స్ ఊళ్ళో పత్రిక నడిపిన జోసెఫ్ కోయల్ 1911లో కాగితపు గుడ్ల డబ్బా తయారుచేశాడు. ఆయన మడతల్లోనూ సూత్రం ఇదే, ఒక్కో గుడ్డుకి ఒక్కో గూడు.

ఇదే పెట్టెని పూతరేకులకి వాడొచ్చా అని అడిగేవాళ్ళుంటారు. వద్దు. ఆత్రేయపురం పూతరేకుకి గాలి శత్రువు, తేమ తగిలితే రేకు మెత్తబడి సాగుతుంది. గుడ్డుకి గాలి ఆడాలి. ఒకదానికి పక్కగోడల్లో రంధ్రాలు కావాలి, ఇంకోదానికి లోపల మూసేసిన కవరు, నెయ్యి పీల్చని పొర కావాలి. రెంటికీ పనికొస్తుందని అమ్మే పెట్టె ఒక్కదానికీ సరిగ్గా పనికిరాదు.

మడిచే వరస: ముందు పలక కాళ్ళన్నీ ఒకసారి వెనక్కీ ముందుకీ మడిచి క్రీజు వదులు చేయండి. తర్వాత పెట్టె పక్కగోడలు లోపలికి మడిచి నాలుకలు నేల గాట్లలో టక్కుమనేదాకా నొక్కండి, సగం దూరిన నాలుక దారిలో ఊడుతుంది. పలక దించి, మధ్యలో కాలో శిలువో నిటారుగా ఉందో లేదో వేలితో తట్టి చూడండి. గుడ్లు మొన కిందికి, గాలి గది ఉన్న గుండ్రటి వైపు పైకి. పెట్టే ముందు ప్రతి గుడ్డునీ చీకట్లో ఫోన్ టార్చ్ మీద పెట్టి చూడండి. వెంట్రుకవాసి పగులు వెలుగు గీతలా కనిపిస్తుంది. ఆ గుడ్డు పెట్టెలో పెట్టేటప్పుడు బాగానే ఉంటుంది, కొన్ని గంటల తర్వాత కారి కింద పలకనంతా నానబెడుతుంది.

పెద్ద కట్ట ఆర్డరిచ్చే ముందు అచ్చులేని శాంపిల్ రెండు అడిగి తెప్పించుకోండి. వాటిలో మీ దగ్గరున్న అతి చిన్న గుడ్లు ఆరు, అతి పెద్ద గుడ్లు ఆరు కలిపి పెట్టి, పైన చెప్పిన పది పతనాలూ చేయండి. డై ఖర్చు అడిగేది ఆ తర్వాతే.