కాశీనగర్ సైకిల్ షాపు: బడికెళ్లే ఆడపిల్లలున్న ఇళ్లవాళ్ల కోసం

ఒడిశాలోని కాశీనగర్ మెయిన్ రోడ్డు మీద రేకుల షెడ్డులో ఉన్న సైకిల్ రిపేరు షాపు గురించి రాస్తున్నాను. రెండేళ్లుగా మా చిన్నమ్మాయి సైకిల్ అక్కడే చేయిస్తున్నాం.

మా ఊళ్లో బడి ఎనిమిది వరకే. హైస్కూలు ఆరు కిలోమీటర్లు. పెద్దమ్మాయిని ఎనిమిదితోనే మాన్పించేశాం. ఒడిశా సర్కారు సైకిల్ ఇచ్చేది తొమ్మిదిలో చేరాకే. మేం చేర్చనే లేదు. ఆ తప్పు మాదే. చిన్నది మాత్రం పట్టుబట్టి చేరింది, సైకిల్ తెచ్చుకుంది.

మూడు నెలలకే చైన్ ఊడిపోవడం మొదలైంది. మొదట ఇంకో చోట ఇస్తే, ఇవాళ రేపు అంటూ నాలుగు రోజులు తిప్పారు. ఆ నాలుగు రోజులూ పిల్ల ఇంట్లోనే. నేను అంగన్‌వాడీకి వెళ్లేసరికి పొయ్యి, నీళ్లు, దూడ అన్నీ దాని మీదే పడ్డాయి. ఐదో రోజు మా అత్తగారు "ఈ పూటకి ఉండిపోనీలే" అన్నారు. పెద్దదాని చదువు ఆగింది కూడా అచ్చం ఇలాగే. నాకు భయమేసింది.

అప్పుడు ఈ షాపుకి తీసుకెళ్లాం. పొద్దున్న ఆరున్నరకే తెరుస్తారు. ఎంతమంది ఉన్నా బడి పిల్లల సైకిళ్లే ముందు. చైన్‌లో ఒక లింకు తీసి బిగించి, ఫ్రీవీల్‌కి నూనె పెట్టి, "అమ్మా, చున్నీ చైన్‌లో పడుతోంది, చూశారా?" అని నల్లబడ్డ అంచు చూపించారు. పాత సైకిల్ నుంచి తీసిన చైన్ కవర్ వేశారు. అన్నీ కలిపి నూట ఇరవై రూపాయలు.

నాకు బాగా నచ్చింది ఇంకొకటి. పంక్చరైన ట్యూబును నీళ్ల తొట్టిలో ముంచి, బుడగలెక్కడ వస్తున్నాయో మా అమ్మాయినే చూడమన్నారు. ఆకురాయితో గీకి, సొల్యూషన్ రాసి, ఆరనిచ్చి ప్యాచ్ వేయడం దానిచేతే చేయించారు. ఇప్పుడు ఊడిన చైన్ కూడా అదే ఎక్కించుకుంటుంది. దారిలో ఏమవుతుందోనన్న టెన్షన్ నాకు సగం తగ్గింది.

బీహార్‌లో 2006లో తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు సైకిల్ కొనుక్కోమని రెండు వేల రూపాయలిచ్చారు. హైస్కూలు మూడు కిలోమీటర్లకు పైగా ఉన్న ఊళ్లలోనే చేరికలు ఎక్కువ పెరిగాయని చదివాను. ఆఫ్రికాలోని జాంబియాలో ఆడపిల్లలకు సైకిళ్లిచ్చినప్పుడైతే బాగుచేసే మెకానిక్‌లకు శిక్షణ కూడా ఇచ్చారట. అది చదవగానే ఈ షాపే గుర్తొచ్చింది. పాడైన సైకిల్ మూలన పడితే ఇచ్చి ఏం లాభం?

లోపం ఒకటుంది. మధ్యాహ్నం ఒంటిగంటకు మూసి ఐదింటికి గానీ తెరవరు. బడి నాలుగింటికే వదులుతారు. చలికాలంలో గంటసేపు ఆగితే ఇంటికొచ్చేసరికి చీకటి పడుతోంది. రెండుసార్లు చెప్పాను, ఇంకా మార్చలేదు. అందుకే ఐదుకి నాలుగు స్టార్లు.

వెళ్తే పొద్దున్నే వెళ్లండి. సైకిల్‌కి చైన్ కవర్ లేకపోతే ముందు అది వేయించండి. పాతదుంటే తక్కువకే వేస్తారు.