వైల్డ్ అట్లాంటిక్ వే: ఏడేళ్లుగా ముక్కలు ముక్కలుగా తిరిగాక నా రివ్యూ

ముందే చెప్పేస్తున్నా, ఈ రోడ్డంటే నాకు ప్రాణం, కాబట్టి మెచ్చుకోళ్లు కాస్త ఎక్కువే ఉంటాయి. ఐర్లండ్ పడమటి తీరం వెంట, పైన డొనెగల్‌లోని మాలిన్ హెడ్ నుంచి కింద కార్క్ కౌంటీలోని (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) కిన్‌సేల్ దాకా దాదాపు 2,500 కి.మీ. పోయే దారి ఇది. 2014లో మొదలుపెట్టారు. అలా అని కొత్తగా వేసిన రోడ్డేమీ కాదు, అప్పటికే ఉన్న పల్లె రోడ్లన్నిటినీ కలిపి నీలం బోర్డుల మీద అల గుర్తు పెట్టి ఒకే దారిగా చేశారు. గుర్తు కింద ఎన్ అనో ఎస్ అనో ఉంటుంది, ఉత్తరానికి పోతున్నామో దక్షిణానికి పోతున్నామో తెలియడానికి. 2018 నుంచి, కోవిడ్ ఏడాది వదిలేస్తే, ఏటా ఒకటి రెండు సార్లు మా చిన్న కారులోనే వెళ్తున్నాం. మేయో కౌంటీలో ఎరిస్ అనే మూల ఒక్కటి మిగిలింది, కెర్రీ కౌంటీ మాత్రం నాలుగుసార్లు అయింది.

నన్ను అందరూ అడిగేది ఒకటే, "వారంలో మొత్తం కవర్ చేసేయొచ్చా?" అని. దయచేసి ఆ పని చేయకండి. మొదటిసారి మేము ఈ తీరంలోనే ఉన్న గాల్వే నుంచి డొనెగల్ దాకా ఐదు రోజుల్లో లాగించేశాం, ఇంటికొచ్చి ఫోటోలు చూసుకుంటే సగం చోట్ల ఏ ఊరో కూడా గుర్తు రాలేదు, పొద్దున్నే బయల్దేరడం, రాత్రి హోటల్‌కి టైమ్‌కి చేరతామా లేదా అన్న టెన్షన్, ఇవే గుర్తున్నాయి. రెండో ఏడాది నుంచి పద్ధతి మార్చాం. ఒక ట్రిప్‌కి ఒక్క ద్వీపకల్పం, రోజుకి 60, 70 కి.మీ. మించకుండా. ఈ దారి అసలు రుచి అప్పుడే తెలిసింది.

ఉదాహరణకి కెర్రీలో డింగిల్ ఊరి దగ్గర స్లే హెడ్ డ్రైవ్. దాదాపు 47 కి.మీ. చుట్టు. మ్యాప్ గంటంబావు అంటుంది, మాకు రోజంతా పట్టింది, ఇంకా మిగిలిపోయిందనిపించింది. ఒకచోట వాగు కల్వర్టు కింద నుంచి కాకుండా రోడ్డు మీదుగానే పారుతుంది, ఫస్ట్ గేర్‌లో మెల్లగా దాటాలి. ఇంకాస్త ముందుకెళ్తే ఎదురుగా బ్లాస్కెట్ దీవులు. పెద్ద దీవిలో మిగిలినవాళ్లను 1953లో ఒడ్డుకు తరలించారు, ఇప్పుడు బైనాక్యులర్స్‌తో చూస్తే కప్పులేని ఇళ్ల గోడలు వాలు మీద వరసగా కనిపిస్తాయి. అక్కడ కారు ఆపి గంటన్నర కూర్చున్నాం. ఈ చుట్టు మాత్రం గడియారం ముల్లు తిరిగే దిక్కునే తిరగండి, టూరిస్టు బస్సులు కూడా అటే పోతాయి, ఎదురుపడే గొడవ ఉండదు. క్యాంపర్ వ్యాన్ తీసుకున్నవాళ్లు పక్కనే ఉన్న కానర్ పాస్ అనే కొండదారి ఎక్కుదామనుకోకండి, 2 టన్నులు దాటిన బండ్లకు అక్కడ అనుమతి లేదు.

రోడ్ల గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఫోటోల్లో కనపడనిది అదే. బోర్డు మీద ఎల్ అక్షరంతో మొదలయ్యే నంబరుందంటే చాలాచోట్ల ఒక్క బండి పట్టేంత వెడల్పే, మధ్యలో గడ్డి మొలిచి ఉంటుంది. రెండు పక్కలా ఎర్ర ఫ్యూషియా పూల కంచె చూసి మెత్తగా ఉందనుకుంటాం, కానీ దాని లోపల రాతి గోడ ఉంటుంది. ఎదురుగా బండి వస్తే ఎవరికి వెడల్పాటి జాగా దగ్గరైతే వాళ్లు రివర్స్ చేయాలి. దారి ఇచ్చినవాళ్లకి స్టీరింగ్ మీద నుంచి ఒక వేలు ఎత్తి థాంక్స్ చెప్పడం ఇక్కడి మర్యాద, రెండు రోజులకి మనకీ అలవాటైపోతుంది. మేము మొదలుపెట్టినప్పుడు ఇలాంటి రోడ్లకి కూడా గంటకి 80 కి.మీ. స్పీడ్ లిమిట్ ఉండేది, నాకు ఎప్పుడూ భయంగానే అనిపించేది. 2025 ఫిబ్రవరిలో దాన్ని 60కి తగ్గించారు, చాలా మంచి పని. మనలాగే ఎడమవైపు డ్రైవింగే కాబట్టి ఇండియా నుంచి వచ్చేవాళ్లకి ఆ కంగారు ఉండదు.

నాకు జరిగిన నష్టం కూడా చెప్తాను. బేరా ద్వీపకల్పంలో ట్రాక్టర్‌కి దారి ఇవ్వబోయి గట్టు అంచున ఉన్న రాయికి టైరు రాసుకుంది, టైరు పక్కగోడ (సైడ్‌వాల్) బెత్తెడు చీరుకుపోయింది. కారుతో ఇచ్చింది పంక్చర్ కిట్టే, స్పేర్ టైరు లేదు. ఆ కిట్టు చిన్న మేకు గుచ్చుకుంటే పనికొస్తుంది గానీ పక్కగోడ చీరితే ఏమీ చేయలేదు. ఫోన్ సిగ్నల్ లేదు, వాన మొదలైంది. ఆ ట్రాక్టర్ పెద్దాయనే దిగి వచ్చి చూసి, మమ్మల్ని ఇంటికి తీసుకెళ్లి, ల్యాండ్‌లైన్ నుంచి ఫోన్ చేయించి, టో ట్రక్ వచ్చేదాకా మూడు గంటలు మాతోనే కూర్చున్నారు. తర్వాత నేను మొదట కొన్నది సరైన స్పేర్ టైరు. ఈ రోడ్లకి అది తప్పనిసరి.

ఐరిష్ మాట్లాడే ప్రాంతాల్లో బోర్డుల మీద ఊరి పేర్లు ఐరిష్‌లోనే ఉంటాయి, మ్యాప్‌లో చూసుకున్న ఇంగ్లిష్ పేరు వెతికితే దొరకదు. బయల్దేరే ముందు రెండు పేర్లూ ఒక కాగితం మీద రాసుకోండి.

చూడాల్సినవాటిలో మోహెర్ కొండచరియలు అందరికీ తెలుసు, 214 మీటర్ల ఎత్తు, బాగుంటాయి, కానీ ఆగస్టులో జనం విపరీతం. డొనెగల్‌లో స్లీవ్ లీగ్ 601 మీటర్లు, నాకైతే అదే ఇష్టం. ఒక్క చోటే చూడగలమంటే మాత్రం మేయోలో డౌన్‌పాట్రిక్ హెడ్‌కి వెళ్లమంటాను. ఒడ్డు నుంచి విడిపోయి సముద్రంలో ఒంటరిగా నిలబడ్డ ఒక రాతి స్తంభం ఉంటుంది, పేరు డూన్ బ్రిష్టె. ఒడ్డుకి కలిపి ఉంచిన రాయి 1393లో తుఫానుకి కూలిపోయిందంటారు. మా అమ్మ వచ్చినప్పుడు తీసుకెళ్లాను. పలకలు పలకలుగా ఉన్న ఆ పొరల్ని చూస్తూ, "ఎవరో కూర్చుని అట్లు పేర్చినట్టుంది కదరా" అంది. ఒక్కో పొర అంచు మీదా పక్షులు బారుగా కూర్చుని ఉన్నాయి, కింద అల కొట్టినప్పుడల్లా కాళ్ల కింద నేల అదిరినట్టు అనిపించింది. గాలి గట్టిగా ఉన్న రోజు అంచు దగ్గరికి వెళ్లొద్దు, పిల్లల చెయ్యి అస్సలు వదలొద్దు.

టైమింగ్ అంటే మే, జూన్ మొదటి వారాలే నా ఓటు. వాన కొంచెం తక్కువ, రాత్రి పది దాకా వెలుతురు, రద్దీ ఇంకా మొదలవదు. చలికాలంలో సాయంత్రం ఐదులోపే చీకటి పడుతుంది, చిన్న ఊళ్లలో బస దొరకడం కష్టం. పెట్రోలు సగం ట్యాంకు దిగగానే నింపుకోండి. క్లేర్ నుంచి కెర్రీకి వెళ్లేటప్పుడు కిల్లిమర్ దగ్గర కారుతో సహా ఫెర్రీ ఎక్కేయండి, ఇరవై నిమిషాల్లో టార్బర్ట్‌లో దిగుతారు, వందకి పైగా కి.మీ. చుట్టు తప్పుతుంది.

వచ్చే మేలో మిగిలిన ఎరిస్‌కి వెళ్తున్నాం. మ్యాప్‌లో రెండు రోజుల దారి, మేము నాలుగు రోజులు సెలవు పెట్టాం.