కార్సేర్ వెంజెన్స్ ఎల్‌పీఎక్స్ 16 జీబీ కిట్: 3200 అని కొంటే 2133 చూపిస్తోందా?

డీడీఆర్4 డెస్క్‌టాప్‌కి ర్యామ్ పెంచుకునేవాళ్లు ఎక్కువగా చూసే కిట్లలో ఇదొకటి. ఇక్కడ చెబుతున్నది 8 జీబీ స్టిక్కులు రెండు కలిసి వచ్చే 3200 స్పీడు, సీఎల్16 (ర్యామ్ స్పందనలో ఆలస్యాన్ని చెప్పే అంకె) రకం గురించి. ఎత్తు మూడు సెంటీమీటర్ల చిల్లరే కాబట్టి పెద్ద ఎయిర్ కూలర్ ఉన్నా సాధారణంగా అడ్డు రాదు. లైట్లూ గీట్లూ లేవు, హాయి.

పెట్టగానే వచ్చే మొదటి ఫిర్యాదు స్పీడు గురించే. టాస్క్ మేనేజర్‌లో 2133 కనబడగానే నకిలీ సరుకు అంటగట్టారని అనుమానం. నిజానికి 3200 అనేది 1.35 వోల్టులతో నడిచే ఎక్స్‌ఎంపీ ప్రొఫైల్ (స్టిక్కులోనే ముందుగా దాచిన ఎక్కువ స్పీడు సెట్టింగ్) స్పీడు. బయోస్‌లో (విండోస్ రాకముందు తెరిచే బోర్డు సెట్టింగుల్లో) దాన్ని ఆన్ చేయకపోతే స్టిక్కు 1.2 వోల్టుల మామూలు సెట్టింగ్‌లోనే ఉండిపోతుంది. ఏఎండీ బోర్డుల్లో ఇదే ఆప్షన్‌కి డీఓసీపీ అనో, ఏ-ఎక్స్‌ఎంపీ అనో పేరుంటుంది. హెచ్410, బీ460, హెచ్510 ఇంటెల్ బోర్డుల్లో ఐ5-10400 ప్రాసెసర్ ఉంటే మాత్రం ఏం చేసినా 2666 దాటదు. ఆ సిస్టమ్‌కి 3200 కోసం ఎక్కువ పెట్టడం దండగ.

అసలు తలనొప్పి డిస్‌ప్లే రాకపోవడం. కొత్త ర్యామ్‌తో మొదటిసారి ఆన్ చేసినప్పుడు బోర్డు టైమింగులు సరిచూసుకుంటుంది, ఒకటి రెండుసార్లు తనంతట తనే రీస్టార్ట్ అవ్వచ్చు. రెండు మూడు నిమిషాలు ఆగండి. అప్పటికీ రాకపోతే కరెంట్ వైరు తీసేసి, పవర్ బటన్ కాసేపు నొక్కి పట్టి, ఒక్క స్టిక్కునే ప్రాసెసర్ వైపు నుంచి రెండో స్లాట్‌లో (నాలుగు స్లాట్ల బోర్డులో) పెట్టండి. ఒకవైపే క్లిప్పు ఉండే స్లాట్లలో రెండో చివర సరిగా దిగకపోవడం చాలా మామూలు. రెండు చివర్లా గట్టిగా నొక్కాలి. ఇంకా మొరాయిస్తే బోర్డు మీది బిళ్ల బ్యాటరీని ఐదు నిమిషాలు తీసి పెడితే బయోస్ మొదటికొస్తుంది. ఒక స్టిక్కు పనిచేశాక రెండోది నాలుగో స్లాట్‌లో పెట్టాలి. పక్కపక్కన పెడితే డ్యుయల్ ఛానల్ (రెండు స్టిక్కులూ ఒకేసారి పనిచేసే వేగం) పోతుంది.

పాత స్టిక్కులు ఉంచేసి వీటిని కలుపుదామనుకునేవాళ్లు జాగ్రత్త. ఇదే మోడల్ మళ్లీ కొన్నా లోపలి చిప్పులు వేరే కంపెనీవి కావచ్చు. లేబుల్ మీద ‘వెర్’ పక్కన అంకె చూడండి: 3 అయితే మైక్రాన్, 4 శాంసంగ్, 5 హైనిక్స్. చిప్పులు కలవకపోతే ఎక్స్‌ఎంపీలో బూట్ కాకపోవచ్చు, లేదా విండోస్ వచ్చాక నీలం తెర పడొచ్చు. స్పీడు 2933కో 2666కో తగ్గిస్తే చాలాసార్లు కుదురుకుంటుంది. 32 జీబీ కావాలంటే 16 జీబీ స్టిక్కులు రెండున్న కిట్ కొనడమే మేలు.

ర్యామ్ పరీక్షకి మెమ్‌టెస్ట్86+ అనే ప్రోగ్రామ్ ఉచితం. పెన్‌డ్రైవ్‌లో వేసి, దాన్నుంచి బూట్ చేసి, ఎక్స్‌ఎంపీ ఆన్‌లో రాత్రంతా వదిలేయండి. ఒక్క ఎర్రర్ వచ్చినా ఫెయిలే. ఎక్స్‌ఎంపీ ఆపితే ఎర్రర్లు పోయాయంటే గొడవ స్పీడుది. పోకపోతే స్టిక్కులు విడివిడిగా, స్లాట్ మార్చి చూడాలి. స్లాట్ మార్చినా ఎర్రర్ అదే స్టిక్కుతో వస్తుంటే వారంటీకి పంపండి, రెండు స్టిక్కులూ కలిపే. ఏ స్టిక్కు పెట్టినా ఎర్రర్ ఒకే స్లాట్‌లో వస్తుంటే బోర్డునో ప్రాసెసర్ పిన్నులనో అనుమానించాలి.

కొనేముందు బోర్డు పేరు పూర్తిగా చదవండి. బీ660, బీ760 బోర్డులు డీడీఆర్4, డీడీఆర్5 రెండు రకాల్లోనూ ఉన్నాయి. డీడీఆర్5 స్లాట్‌లో ఈ స్టిక్కు గాడి చోటు కలవదు, బలవంతంగా నొక్కితే స్లాట్ విరుగుతుంది.