హెచ్చరిక: ఆసుపత్రి పోర్టల్‌లో డబ్బు ఇరుక్కుంటే గూగుల్‌లో నంబరు వెతక్కండి

ఆసుపత్రి పోర్టల్‌లో డాక్టరు అపాయింట్‌మెంట్ పెట్టారనుకోండి. యూపీఐలో 800 రూపాయలు కట్ అయ్యాయి, తెర మీద మాత్రం పేమెంట్ ఫెయిల్డ్ అని వచ్చింది. రేపు పొద్దున్నే అమ్మనో నాన్ననో తీసుకెళ్లాలి. ఆ కంగారులో చాలామంది చేసే పని ఒకటే. ఆసుపత్రి పేరు పక్కన కస్టమర్ కేర్ అని గూగుల్‌లో కొట్టి, మొదట కనబడిన నంబరుకు ఫోన్ చేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. ఆ 800తో పోయేది కాస్తా ఖాతాలో ఉన్నదంతా ఊడ్చుకుపోయే దాకా వస్తుంది.

అలా దొరికే నంబర్లలో మోసగాళ్లవి కలిసి ఉంటాయి. ప్రకటనలు కొని తమ నంబరు పైన కనబడేలా చేసుకుంటారు. ఆసుపత్రి పేరుతో నకిలీ పేజీలు పెడతారు. మ్యాప్స్‌లో ఎవరైనా సవరణ సూచించవచ్చు కాబట్టి అక్కడి ఫోన్ నంబరునూ మార్పించేస్తారు. మీరు ఫోన్ చేస్తే ఎత్తేవాడు అచ్చం రిసెప్షన్ వాళ్లలాగే మర్యాదగా మాట్లాడతాడు. పేషెంట్ పేరు, వయసు, ఏ డాక్టరు, ఏ రోజు అన్నీ అడుగుతాడు. స్లాట్ కన్ఫర్మ్ కావాలంటే 5 రూపాయలో 10 రూపాయలో కట్టాలంటాడు. వాట్సాప్‌లో ఒక లింకో, ఆసుపత్రి పేరు పెట్టిన ఏపీకే ఫైలో (ప్లే స్టోర్‌తో పని లేకుండా యాప్‌ను నేరుగా ఎక్కించే ఫైలు) వస్తుంది.

ఆ పది రూపాయలు వాడికి అక్కర్లేదు. చిన్న మొత్తం కాబట్టి మీరు ఆలోచించరని, ఆ వంకతో మీ చేత యూపీఐ పిన్ కొట్టించాలని వాడి ఎత్తు. లింకు తెరిస్తే వచ్చే పేజీలో పేరు, ఫోన్ నంబరు, బ్యాంకు, ఆఖరున పిన్ అడుగుతుంది. అసలు యూపీఐలో పిన్ కొట్టేది మీ ఫోన్‌పే, గూగుల్‌పే, బ్యాంకు యాప్‌ల లోపల వచ్చే పిన్ తెరలోనే. ఏ వెబ్ పేజీకీ, ఏ ఫారానికీ పిన్‌తో పని లేదు. రీఫండ్ రావడానికైతే అసలు పిన్ కొట్టే పనే ఉండదు. ఈ ఒక్క మాట ఇంట్లో పెద్దవాళ్లకు పదేపదే చెప్పండి.

ఏపీకే ఫైలు ఇంకా ప్రమాదం. ఇన్‌స్టాల్ చేయగానే ఎస్సెమ్మెస్‌లు చదవడానికి, పంపడానికి అనుమతి అడుగుతుంది. ఇచ్చారంటే మీ ఓటీపీలన్నీ వాడికి చేరతాయి. యూపీఐ ఖాతాను కొత్త ఫోన్‌లో తెరవాలంటే మీ సిమ్ నుంచి ఒక ఎస్సెమ్మెస్ వెళ్లాలి. ఆ పనికీ దీన్ని వాడుకుంటారు. యాక్సెసిబిలిటీ అనుమతి కూడా ఇస్తే మీ తెర మీద ఏముందో చూడగలరు, మీ బదులు వాళ్లే నొక్కగలరు. అందుకే డబ్బు అప్పటికప్పుడే పోకపోవచ్చు, ఏ అర్ధరాత్రో పోతుంది. కొందరు ఏపీకే జోలికి పోకుండా *401* లేదా *21* తో మొదలయ్యే నంబరు డయల్ చేయమంటారు. అది కాల్ ఫార్వర్డింగ్. ఆ తర్వాత మీకు రావాల్సిన ఫోన్లు, ఫోన్ ద్వారా చెప్పే ఓటీపీలతో సహా వాడికి వెళ్తాయి. ఎనీడెస్క్‌లాంటి స్క్రీన్ షేరింగ్ యాప్ వేసుకోమన్నా అదే బాపతు.

ఇప్పటికే నొక్కేసి ఉంటే, ముందు ఆ ఫోన్‌లో ఇంటర్నెట్ ఆపి ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. ఇంకో ఫోన్ నుంచి బ్యాంకుకు చేసి యూపీఐ, నెట్ బ్యాంకింగ్, కార్డు మూడూ ఆపించండి. ఆ వెంటనే 1930కి చేయండి, సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఫిర్యాదు నమోదు చేయండి. డబ్బు ఏ ఖాతాలోకి వెళ్లిందో అక్కడే నిలిపివేయించే ప్రయత్నం జరిగేది ఈ దారిలోనే, కాబట్టి మొదటి గంట చాలా విలువైనది. పాస్‌వర్డులు, పిన్‌లు ఆ ఫోన్ నుంచే మార్చకండి, కొత్తవి కూడా వాడికి తెలిసిపోతాయి. వేరే ఫోన్‌లోనో బ్యాంకు ఏటీఎంలోనో మార్చండి. కాల్ ఫార్వర్డింగ్ తీసేయడానికి ఆ సిమ్‌ను వేరే ఫోన్‌లో వేసి ##002# డయల్ చేయాలి. తెరల ఫొటోలు, వాడి నంబరు, వాట్సాప్ సంభాషణ భద్రం చేసుకున్నాకే ఫోన్‌ను ఫ్యాక్టరీ రీసెట్ చేయండి. ఒక్క యాప్‌ను తీసేస్తే సరిపోదు.

బ్యాంకుకు చెప్పడంలో ఆలస్యం ఎందుకు కూడదంటే, రిజర్వ్ బ్యాంకు 2017 జూలైలో ఇచ్చిన నిబంధనల ప్రకారం పిన్, ఓటీపీ ఖాతాదారే ఇచ్చి ఉంటే, బ్యాంకుకు చెప్పేదాకా జరిగిన నష్టం ఖాతాదారుది. చెప్పాక జరిగేది బ్యాంకుది. తప్పు మీదీ కాదు, బ్యాంకుదీ కాదు, మధ్యలో ఇంకెక్కడో అయితే మూడు పనిదినాల్లో చెప్పినవాళ్లకు ఏ భారమూ ఉండదు. మనమే మోసపోయామని సిగ్గుపడి తెల్లారేదాకా ఆగినవాళ్లే ఎక్కువ పోగొట్టుకుంటారు.

ఇక ఆ ఇరుక్కున్న 800 సంగతి. మీ యూపీఐ యాప్‌లో ఆ లావాదేవీ తెరిచి స్థితి చూడండి. ఫెయిల్డ్ అని ఉంటే ఆ డబ్బు ఆసుపత్రికి చేరలేదు, పెండింగ్ అని ఉంటే ఇంకా తేలలేదు. రెండింటిలోనూ ఆసుపత్రిలో అడిగి లాభం లేదు, బ్యాంకు దగ్గర ఫిర్యాదు పెట్టాలి. ఖాతాలో కట్ అయి వ్యాపారికి నిర్ధారణ అందని యూపీఐ చెల్లింపు, లావాదేవీ జరిగిన రోజు తర్వాత 5 రోజుల్లో దానంతటదే వెనక్కి రావాలి. దాటితే రోజుకు 100 రూపాయల చొప్పున బ్యాంకు పరిహారం ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు 2019 సెప్టెంబరు ఉత్తర్వులో ఉంది. అడిగితేనే కాదు, అడక్కపోయినా జమ చేయాలి. సక్సెస్ అని ఉండి పోర్టల్‌లో అపాయింట్‌మెంట్ లేకపోతే మాత్రం డబ్బు ఆసుపత్రి వైపు ఉంది. అప్పుడు యూపీఐ యాప్‌లో ఆ లావాదేవీ వివరాల్లో ఉండే 12 అంకెల యూటీఆర్ నంబరు, పోర్టల్ ఇచ్చిన ఆర్డర్ నంబరు, తేదీ, సమయంతో ఆసుపత్రి బిల్లింగ్‌కు ఈమెయిల్ పెట్టండి. ఫోన్‌లో చెప్పిన మాటకు రుజువుండదు. స్థితి తేలేదాకా రెండోసారి కట్టొద్దు. పోర్టల్‌లో మై అపాయింట్‌మెంట్స్ పేజీని ఒక పది నిమిషాలాగి మళ్లీ చూడండి, కొన్నిసార్లు చెల్లింపు సమాచారం ఆలస్యంగా చేరి బుకింగ్ కనబడుతుంది. అత్యవసరమైతే కౌంటర్‌కు వెళ్లి కట్టండి, మొదటిదాన్ని రీఫండ్‌కు వదిలేయండి. రీఫండ్‌ను పోర్టల్ వాలెట్‌లో వేస్తామంటే ఒప్పుకోవద్దు, వచ్చిన ఖాతాకే వేయమని రాతపూర్వకంగా అడగండి.

మరి సరైన నంబరు ఎక్కడ దొరుకుతుంది? పాత ఓపీ చీటీ, బిల్లు, డిశ్చార్జ్ సమ్మరీ, ఫైలు అట్ట మీద ఉంటుంది. అవేవీ లేకపోతే ఆసుపత్రి వెబ్‌సైట్ చిరునామాను మీరే టైప్ చేసి లోపల చూడండి. యాప్ అయితే ప్లే స్టోర్ నుంచి మాత్రమే, అదీ తయారుచేసినవారి పేరు చూశాకే.

ఇంతకంటే నిశ్శబ్దంగా జరిగే నష్టం ఇంకొకటుంది, అది రిజిస్ట్రేషన్ దగ్గర. చాలా ఆసుపత్రులు పేషెంటుకు ఒక యూహెచ్‌ఐడీ, అంటే ఆ ఆసుపత్రిలో ఎప్పటికీ ఉండే రిజిస్ట్రేషన్ నంబరు ఇస్తాయి, కొన్నిచోట్ల ఎంఆర్ నంబరంటారు. ఒకసారి కౌంటర్లో రిజిస్టర్ అయినవాళ్లు ఆన్‌లైన్‌లో న్యూ పేషెంట్ అని నొక్కితే రెండో నంబరు పుడుతుంది. దాంతో పాత రిపోర్టులు కనబడవు. ఫాలోఅప్ ఫీజు మినహాయింపు వర్తించదు. రక్తపరీక్ష ఒక నంబరు మీద రాసి, డబ్బు ఇంకో నంబరు మీద కట్టిన సందర్భాలూ ఉంటాయి. మందుల అలర్జీ పాత నంబరులో నమోదై ఉండి, డాక్టరు తెరిచింది కొత్తదైతే జరిగే ప్రమాదం ఊహించుకోవచ్చు.

మన పేర్ల తీరు ఈ తిప్పలు పెంచుతుంది. ఒకచోట ఇంటిపేరు మొదటి అక్షరం, ఒకచోట పూర్తి ఇంటిపేరు, పెళ్లయ్యాక మారిన ఇంటిపేరు ఇంకోచోట. చాలామంది పెద్దవాళ్లకు పుట్టిన తేదీ జనవరి 1 అని ఆధార్‌లో పడి ఉంటుంది, కౌంటర్లో వయసు మాత్రమే చెబితే సిస్టమ్ ఇంకో తేదీ వేసుకుంటుంది. పేరూ, పుట్టిన తేదీ కలవకపోతే కొత్త మనిషి అనుకుంటుంది. ఆరోగ్య బీమా ఉన్నవాళ్లు పాలసీలో ఎలా ఉందో అక్షరం పొల్లు పోకుండా అలాగే ఆసుపత్రిలోనూ రాయించండి, క్యాష్‌లెస్ అప్పుడు ఇదే అడ్డం పడుతుంది. రెండు నంబర్లు ఇప్పటికే ఉంటే పోర్టల్‌లో మీరు కలపలేరు. ఆధార్, రెండు పాత బిల్లులు పట్టుకుని మెడికల్ రికార్డ్స్ విభాగానికి వెళ్లి మెర్జ్ చేయమని అర్జీ ఇవ్వాలి. కలిశాక ఏ నంబరు ఉంటుందో రాయించుకోండి.

ఫోన్ నంబరు గురించి ఇంకా గట్టిగా చెప్పాలి. నెట్ సెంటర్లో బుక్ చేయిస్తే నిర్వాహకుడు తన నంబరే కొట్టేస్తాడు, ఓటీపీ త్వరగా వస్తుందని. ఆ తర్వాత మీ రిపోర్టులు తెరిచే తాళం ఆయన జేబులో ఉంటుంది. పిల్లలు అమెరికాలో ఉన్న ఇళ్లలోనూ ఇంతే. చాలా పోర్టళ్లు 10 అంకెల ఇండియా నంబరే తీసుకుంటాయి, విదేశీ కార్డునూ ఒప్పుకోవు, దాంతో ఏ బంధువు నంబరో పెట్టేస్తారు. పేషెంటు చేతిలో ఉండే సిమ్ నంబరే పెట్టండి, లేదా ఆయన్ను రోజూ చూసుకునే మనిషిది.

ఆభా కార్డుంటే పాత రిపోర్టులన్నీ పోర్టల్‌లోకి వచ్చేస్తాయనుకోవడం పొరపాటు. అది కేంద్ర ప్రభుత్వ డిజిటల్ ఆరోగ్య వ్యవస్థలో మీకిచ్చే 14 అంకెల గుర్తింపు నంబరు, ఉచితం. ఆ వ్యవస్థలో చేరిన ఆసుపత్రి మీ రికార్డును దానికి జోడిస్తేనే, మీరు సమ్మతి ఇస్తేనే మరోచోట కనబడుతుంది. ఆరోగ్యశ్రీ లేదా ఎన్టీఆర్ వైద్యసేవ కింద వెళ్లేవాళ్లు మాత్రం పోర్టల్‌లో డబ్బు కట్టి మొదలుపెట్టకండి, నెట్‌వర్క్ ఆసుపత్రిలోని పథకం డెస్కుకు వెళ్లండి. నగదు పేషెంటుగా నమోదైతే తర్వాత మార్పించడం కష్టం.

కట్టే పేజీలో మొత్తం ఒకసారి కూడి చూసుకోండి. కన్సల్టేషన్ ఫీజు పక్కన కన్వీనియెన్స్ ఫీజు, విరాళం, హెల్త్ చెకప్ ప్యాకేజీ కొన్నిచోట్ల ముందే టిక్ పెట్టి ఉంటాయి. అడగనిది బుట్టలో వేయడం వినియోగదారుల చట్టం కింద 2023 నవంబరులో తెచ్చిన డార్క్ ప్యాటర్న్స్ మార్గదర్శకాలు నిషేధించిన 13 పద్ధతుల్లో ఒకటి. టిక్ తీసేసే వీలు లేకపోతే తెర ఫొటో తీసి 1915కి, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు చెప్పండి.

వీడియో కన్సల్టేషన్ కొనేముందు ఒక మాట. 2020 మార్చి టెలిమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం షెడ్యూల్ ఎక్స్ మందులు (గట్టి నియంత్రణ ఉన్న జాబితాలోవి), మాదకద్రవ్యాల కిందికి వచ్చే మందులు వీడియోలో రాయకూడదు. కొన్ని మందులు ఎదురుగా చూసిన పేషెంటుకు ఫాలోఅప్‌గా మాత్రమే రాయొచ్చు. ఆ చీటీ కోసమే అయితే ఫీజు కట్టకముందే ఆసుపత్రిని అడగండి. నేరుగా వెళ్లేవాళ్లు పోర్టల్‌లోని 10:20 అన్న సమయాన్ని డాక్టరు పిలిచే సమయం అనుకోవద్దు. చాలాచోట్ల అది కౌంటర్లో హాజరు వేయించుకునే సమయం. బీపీ, బరువు చూసి టోకెన్ ఇచ్చాకే వరస మొదలు. హాజరు వేయించకుండా బయట కూర్చుంటే రాలేదని మూసేస్తారు, ఫీజు పోతుంది.

రిపోర్టుల్లో ప్రొవిజనల్, ఇంటెరిమ్ అన్న మాటలు చూడండి, అవి తుది రిపోర్టులు కావు. సూక్ష్మక్రిములను పెంచి చూసే కల్చర్ పరీక్షలో ఇలా మొదట ఒక రిపోర్టు, కొన్ని రోజుల తర్వాత ఇంకోటి వస్తాయి, మొదటిది చూసి మందు మార్చడమో మానడమో చేయకండి. స్కాన్‌కు పోర్టల్‌లో వచ్చేది చాలావరకు రాత రిపోర్టే. వేరే డాక్టరు అడిగేది అసలు బొమ్మలు, అవి సీడీలోనో లింకులోనో ఆ రోజే తీసుకోండి, లింకులకు గడువుంటుంది. బీమా రీయింబర్స్‌మెంట్‌కు సంతకం, ముద్ర ఉన్న డిశ్చార్జ్ సమ్మరీ, వివరాలతో కూడిన తుది బిల్లు, రసీదులు కావాలి, పోర్టల్‌లోని పీడీఎఫ్ సరిపోతుందని వదిలేసి ఇంటికి రాకండి. రికార్డులు ఇవ్వకుండా తిప్పుతుంటే రాతలో అడగండి. 2002 నాటి వైద్య వృత్తి నియమావళి ప్రకారం అడిగిన 72 గంటల్లో ఇవ్వాలి. ఇన్‌పేషెంట్ రికార్డులను చికిత్స మొదలైన రోజు నుంచి 3 ఏళ్లు దాచి ఉంచే బాధ్యతా అందులోనే ఉంది. అర్జీ రెండు కాపీలు రాసి, ఒకదాని మీద తేదీతో అందినట్టు ముద్ర వేయించుకోండి, 72 గంటల లెక్కకు ఆ ముద్రే రుజువు.