ముద్ద కట్టే లిట్టర్ ట్రేలో ఉన్నంతవరకే మంచిది

పిల్లి మలమూత్రాల ట్రేలో పోసే బెంటోనైట్ మట్టి లిట్టర్‌ను పొగిడేవాళ్లంతా వాసన గురించే చెబుతారు. పూటకోసారి తీసి పారేస్తే ఏ లిట్టరైనా అంతో ఇంతో వాసన ఆపుతుంది, అందులో గొప్పేమీ లేదు. ఏళ్ల తరబడి వాడాక కూడా దీన్ని వదలబుద్ధి కాకపోవడానికి కారణం ఒక్కటే. పిల్లి రోజుకు ఎన్నిసార్లు పోసిందో, ఎంత పోసిందో ఇది ముద్దలు కట్టి మరీ చూపిస్తుంది.

మా ఒడిశా బరంపురంలో చాలా ఇళ్లలో ఇప్పటికీ గోపాలపూర్ ఒడ్డు నుంచి తెచ్చిన ఇసుకో, వడ్రంగి దగ్గర ఊరికే దొరికే రంపపు పొట్టో నడుస్తోంది. ఇసుకలో మూత్రం నేరుగా అడుక్కి దిగిపోతుంది. పైన పొడిగానే ఉంటుంది, గరిటకు ఏమీ తగలదు, అడుగున మాత్రం అమ్మోనియా ఘాటెక్కుతూ ఉంటుంది. పొట్టు పీల్చుకుంటుంది గానీ ఎంత పీల్చుకుందో చెప్పదు. బెంటోనైట్ మట్టి తడి తగిలిన చోటే ఉబ్బి గట్టిపడుతుంది, చుట్టూ ఉన్నది పొడిగానే ఉంటుంది. చిల్లుల గరిటతో ఎత్తితే ఒక్కో మూత్రానికి ఒక్కో ముద్ద వస్తుంది.

ఈ లెక్క దేనికంటే, ఆరోగ్యంగా ఉన్న పెద్ద పిల్లి రోజుకు రెండు నుంచి నాలుగు ముద్దలు చేస్తుంది, అవి దాదాపు రోజూ ఒకే సైజులో ఉంటాయి. మగపిల్లికి మూత్రనాళం పూడుకోవడం మొదలైతే ముందుగా తేడా కనిపించేది ట్రేలోనే. మూడు పెద్ద ముద్దలు ఉండాల్సిన చోట ఉసిరికాయంతవి ఏడెనిమిది కనిపిస్తాయి. పిల్లి మాటిమాటికీ ట్రేలోకి వెళ్లి ముక్కుతుంది. మరుసటి పూటకు ముద్దే ఉండకపోవచ్చు. దీన్ని మలబద్ధకం అనుకుని ఆముదం పట్టించేవాళ్లున్నారు, దయచేసి ఆ పని చేయకండి. నాళం పూర్తిగా మూసుకుపోతే ఒక రోజు దాటేసరికి రక్తంలో పొటాషియం పెరిగి గుండె మీదికి వస్తుంది, రెండు మూడు రోజుల్లో ప్రాణమే పోతుంది. ఆ రాత్రే పశువుల డాక్టర్‌ను పట్టుకోవాల్సిన కేసు ఇది. ఇసుక ట్రేలో ఈ తేడా పట్టుకోవడం దాదాపు అసాధ్యం. ఇక వయసు మళ్లిన పిల్లికి ముద్దలు వారం వారం పెద్దవవుతుంటే మూత్రపిండాలో, షుగరో, థైరాయిడో పరీక్ష చేయించాలి.

రెండు పిల్లులుంటే ఏ ముద్ద ఎవరిదో తెలియదు. అనుమానం వస్తే ఒకదాన్ని ఒక రోజు వేరే గదిలో సొంత ట్రేతో ఉంచితే సరిపోతుంది.

అయితే ముద్ద సరిగ్గా కట్టాలంటే మట్టి లోతు ఉండాలి. కనీసం 6 సెంటీమీటర్లు. దుకాణాల్లో ఎక్కువగా అమ్మే 5 కిలోల సంచిని 45×35 సెంటీమీటర్ల ట్రేలో పోస్తే లోతు మూడున్నరకు మించదు. పిల్లి తవ్వి పోశాక మూత్రం అడుగు ప్లాస్టిక్‌ను తాకి, అక్కడే పిడచగట్టి అట్టలా అతుక్కుపోతుంది. ‘ముద్ద కట్టడం లేదు, మోసం’ అని సంచిని తిట్టేవాళ్లలో సగం మంది ఇబ్బంది ఇదే. ఆ ట్రేకు ఎనిమిది, తొమ్మిది కిలోలు కావాలి. అంటే మొదటి నెల ఖర్చు అనుకున్నదానికి రెట్టింపు. తర్వాత మాత్రం తీసిన మేరకు కలుపుకుంటూ పోతే చాలు.

ఇప్పుడు అసలు గొడవకు వస్తాను. మేము వాడే సంచి వెనక ‘నెలకోసారి ట్రేను నీళ్లతో కడగండి’ అని ఒక్క ముక్క రాసి వదిలేశారు. కంపెనీ పేరెందుకు గానీ, ఆ ఒక్క ముక్కకు బాత్రూం తూమే పూడింది. మొదట రెండు మూడుసార్లు కడిగినప్పుడు ఏమీ తెలియదు, నీళ్లు మామూలుగానే పోతాయి. అడుగున అంటుకున్న మట్టి మాత్రం కొంచెం కొంచెంగా నాని తూము కింద ఉండే వంపులోకి, అంటే ట్రాప్‌లోకి చేరి, అక్కడ ఎప్పుడూ నిలిచి ఉండే నీటిలో ఉబ్బుతూ పోతుంది. ఒక రోజు స్నానం నీళ్లు చీలమండల దాకా నిలిచిపోతాయి. చెరువుల అడుగున నీరు ఇంకకుండా పరిచేదీ, పునాది స్తంభాల కోసం లోతుగా తవ్వేటప్పుడు గోతి గోడలు కూలకుండా నింపేదీ ఈ మట్టినే. అలాంటిది రెండంగుళాల పైపును వదులుతుందా?

అప్పుడు అందరూ చేసేవేవీ పనికిరావు. యాసిడ్ పోస్తే మట్టి కరగదు, టైల్స్ సందుల్లో సిమెంటు కరుగుతుంది. తూము శుభ్రం చేసే పొడి జిడ్డుకూ వెంట్రుకలకూ పనిచేస్తుంది, మట్టికి కాదు. వేడినీళ్లు పోస్తే ఇంకా నానుతుంది. చేయాల్సింది ముందు నీళ్లు పోయడం ఆపడం. జాలీ తీసి, గ్లౌజు తొడుక్కుని, పాత గ్లాసుతో బూడిదరంగు జావనంతా బకెట్‌లోకి తోడేయాలి. ఇక అందని దాని మీద చిక్కటి ఉప్పునీళ్లు పోసి గంటసేపు వదిలేయాలి. లీటరు నీటికి రెండు గుప్పెళ్ల గళ్లుప్పు వేస్తే చాలు. ఉప్పునీటిలో ఈ మట్టి ఉబ్బు తగ్గుతుంది, జావ విరుగుతుంది. ఆ తర్వాత రబ్బరు ప్లంజర్‌తో గట్టిగా నాలుగు తోపులు తోసి, బకెట్ నీళ్లు ఒక్క ఊపున పోయాలి. మట్టి ట్రాప్ దాటి అడ్డ పైపులోకి పోయి ఉంటే మాత్రం ప్లంబర్ స్ప్రింగ్ వైరు తేవాల్సిందే. ముద్దల్ని కమోడ్‌లో వేసి ఫ్లష్ కొట్టేవాళ్లకు ఇదంతా మరింత పెద్ద ఎత్తున జరుగుతుంది, సెప్టిక్ ట్యాంకు ఉంటే చెప్పనక్కర్లేదు.

ట్రే శుభ్రం చేయడానికి మంచి పద్ధతి ఎండ. మట్టి ఖాళీ చేసి, అంటుకున్నదాన్ని అలాగే ఉంచి ట్రేను డాబా మీద పెడితే సాయంత్రానికి అది బీటలు వారి పెచ్చులుగా లేస్తుంది. తట్టి రాలగొట్టి, పాత పేపరుతో తుడిచి, ఆ తర్వాతే సబ్బునీళ్లు. ఇనుప పీచు వాడితే ప్లాస్టిక్ మీద గీతలు పడి వాటిలో వాసన ఇరుక్కుంటుంది. బ్లీచింగ్ పౌడర్ మూత్రంలోని అమ్మోనియాతో కలిస్తే ఊపిరాడనివ్వని విషవాయువు వస్తుంది. ఫినాయిల్ అసలే వద్దు. అందులోని ఫినాల్ జాతి రసాయనాలను పిల్లి కాలేయం సరిగా విరవలేదు, అది పాదాలు నాక్కుంటుంది కూడా.

జూన్ నుంచి అక్టోబర్ తుపాన్లు పోయేదాకా మా గంజాం జిల్లా గాలిలో ఆ ఎండ దొరకదు. కాబట్టి ఖాళీ ట్రే ఒకటి అదనంగా ఉండాలి, తడిది ఫ్యాన్ కింద ఆరుతూ ఉంటుంది. తెరిచిన సంచిని మూతి కట్టి వదిలేస్తే చాలదు, చెమ్మ తాగి రవ్వంతా గడ్డలు కడుతుంది. మూత బిగుతుగా ఉండే బియ్యం డబ్బాలో పోసుకోవాలి. ట్రేను బాత్రూంలో పెట్టడం కూడా ఈ నెలల్లో మానుకోవాలి, తడిసిన పాదాలతో పిల్లి ఇల్లంతా బూడిదరంగు అచ్చులు వేస్తుంది. ట్రే ముందు కొబ్బరి పీచు పట్టా వేస్తే కొంత ఆగుతుంది.

పైన చెప్పిన ముద్దల లెక్క కూడా వేసవికే కచ్చితం. వానల్లో ముద్ద గట్టిపడటానికి ఎక్కువసేపు పడుతుంది, అరగంట ఆగకుండా తీస్తే గరిటలోనే విరిగిపోతుంది, రెండు కాస్తా ఐదుగా కనిపిస్తాయి. ఆ రోజుల్లో సంఖ్య కంటే మొత్తం బరువు చూసుకోవడం నయం. రోజూ తీసే చేతికి ఆ బరువు తెలుస్తుంది.

లావెండర్ వాసన కలిపినది మనకే నచ్చుతుంది, చాలా పిల్లులు ఆ ట్రే దగ్గరికి కూడా రావు. మూడు నెలల లోపు పిల్లకూనలకు ముద్ద కట్టే మట్టి ఏ రకమైనా పెట్టకండి, నోట్లో వేసుకుంటాయి, కడుపులోనూ అది ఉబ్బుతుంది. ఆపరేషన్ కుట్లు ఉన్నప్పుడు పది రోజులు చింపిన పేపరే మేలు.

మా ఇల్లు రెండో అంతస్తు. పైన డాబా, కింద రోజూ చెత్త బండి. పిల్లులు పొట్టి బొచ్చువి, అందులో ఒకటి మగది. ఆ మగపిల్లి ఉన్నంతకాలం ఇదే వాడతాం. పర్షియన్ పిల్లి ఉన్నవాళ్లకు ఇంత ధైర్యంగా చెప్పలేను, వెనక కాళ్ల బొచ్చుకు ముద్దలు వేలాడతాయి, కత్తెర పట్టాల్సి వస్తుంది. ఆడపిల్లి ఒక్కటే ఉండి, ఇంటికి సెప్టిక్ ట్యాంకు ఉండి, ట్రే కడిగేది పనిమనిషైతే పైన్ చెక్కపొట్టు గుళికలు, జల్లెడ ట్రే చూడండి. ముద్దల లెక్క తెలియదు గానీ, తూము జోలికి రాదు.